ఉల్లి వేరులో కదురు: కణం క్రోమోసోమ్‌లను తప్పులేకుండా ఎలా పంచుతుందో కళ్లారా చూడడం

ఉల్లి వేరు స్లైడు వేయకుండా డిగ్రీ గడప దాటినవాళ్లు తక్కువ. వేస్తారు, రికార్డులో నాలుగు బొమ్మలు గీస్తారు: ప్రథమ దశ, మధ్యస్థ దశ, చలన దశ, అంత్య దశ. పేర్లు రాసి, సంతకం పెట్టించుకుని పుస్తకం మూసేస్తారు. విజయనగరంలో ఏళ్ల తరబడి ఆ సంతకాలు పెట్టినవాణ్ణి నేనే కనుక ఆ తప్పులో నాకూ వాటా ఉంది. రెండో బొమ్మకీ మూడో బొమ్మకీ మధ్య ఏం జరుగుతుందని నేను అడగలేదు, వాళ్లూ అడగలేదు. అసలు సంగతంతా ఉన్నది అక్కడే.

అందుకే ఈ మార్గదర్శి. ముందు స్లైడు చేద్దాం, తర్వాత చదువుదాం, ఆ తర్వాత లెక్కపెడదాం. మొదలుపెట్టిన రోజు నుంచి వారం పడుతుంది. ఆమ్లాలు వాడేది ఉంది కాబట్టి ఆ భాగం కాలేజీ ల్యాబులోనే చేయండి.

వేర్లు రప్పించడం

రైతుబజారులో చిన్న సైజు పాత ఉల్లిపాయలు ఏరండి. కొత్త పంట ఉల్లి తడిగా ఉంటుంది, వేరు రాకముందే కుళ్లిపోతుంది. అడుగున ఎండిపోయిన పాత వేళ్లను బ్లేడుతో పైపైన గీకేయండి. లోతుగా కోస్తే కొత్త వేళ్లు పుట్టే వలయమే పోతుంది. గాజు గ్లాసులో నీళ్లు నింపి, ఉల్లికి మూడు చీపురుపుల్లలు గుచ్చి, అడుగు మాత్రమే నీటికి తగిలేలా నిలబెట్టండి. ఉల్లితో వేగలేకపోతే వెల్లుల్లి రెబ్బలు పెట్టుకోండి. రెండింటికీ క్రోమోసోమ్‌లు 16 చొప్పునే, రెంటిలోనూ బాగా పెద్దవి.

కొళాయి నీళ్లయితే బకెట్లో పట్టి రాత్రంతా వదిలేసి వాడండి, క్లోరిన్ కొంత పోతుంది. మన వేసవి ఉక్కకి నీళ్లు ఒక్క రోజులోనే జిగురు పడతాయి, రోజుకి రెండుసార్లు మార్చాలి. రెండు నుంచి నాలుగు రోజుల్లో వేళ్లు ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు దిగుతాయి. కొన తెల్లగా, గట్టిగా ఉన్నవే పనికొస్తాయి. గోధుమరంగు తిరిగిన కొనలో విభజన ఆగిపోయి ఉంటుంది.

కోయడం, నిలబెట్టడం

ఉదయం ఎనిమిదికీ పదికీ మధ్య కోయండి. ఉల్లి వేరులో విభజనలు ఎక్కువగా దొరికే వేళగా మన కాలేజీలన్నీ పాటించే సమయం అదే. ఒకసారి నేను బద్ధకించి మధ్యాహ్నం మూడింటికి కోశాను. మర్నాడు ముప్ఫైమంది పిల్లలు గంటసేపు మైక్రోస్కోపుల్లో కళ్లు పెట్టి ఉత్త కేంద్రకాలు చూశారు.

మూడు పాళ్లు ఆల్కహాల్, ఒక పాలు గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం అప్పటికప్పుడు కలిపి, కోసిన కొనలను అందులో 24 గంటలు ఉంచండి. కణాలు ఏ భంగిమలో ఉన్నవి ఆ భంగిమలోనే బిగుసుకుపోతాయి. నిన్న కలిపి ఉంచిన ద్రావణం వద్దు, దాని గుణం మారిపోతుంది. తర్వాత 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చి ఫ్రిజ్‌లో పెడితే వారాల తరబడి ఉంటాయి.

రంగు, నొక్కుడు

వాచ్‌గ్లాసులో తొమ్మిది చుక్కల ఎసిటోకార్మిన్‌కి ఒక చుక్క ఒక నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలపండి. వేరు కొనలు అందులో వేసి స్పిరిట్ దీపం మీద పైపైన వెచ్చచేయండి. ఆవిరి కనిపించగానే తీసేయాలి, పొంగనివ్వకూడదు. ఇలా నాలుగైదుసార్లు చేసి, మూతపెట్టి అరగంట వదిలేయండి. ఆమ్లం పని కణాలను కలిపి ఉంచే జిగురును కరిగించడం, కార్మిన్ పని క్రోమోసోమ్‌లను ఎర్రగా పట్టుకోవడం. ఈ కార్మిన్ బ్రహ్మజెముడు జాతి మొక్కల మీద బతికే ఒక పురుగు నుంచి వచ్చే రంగు. దానికి ఇనుము తగిలితే రంగు ముదురుతుంది. అందుకే పాతకాలం ల్యాబు అటెండర్లు తుప్పుపట్టిన సూదినే దాచుకుని వాడేవారు. స్టీలు సూదితో ఆ ముదురు రాదు.

కొనలో బాగా రంగు పట్టిన ఒకటి, రెండు మిల్లీమీటర్లు మాత్రం కోసి స్లైడు మీద పెట్టండి, మిగతా వేరు పారేయండి. పిల్లలు పొడుగు ముక్క పెడితే ఎక్కువ కణాలు వస్తాయనుకుంటారు. వచ్చేవి విభజన మానేసిన పొడుగు కణాలే. ఒక చుక్క రంగు వేసి కవర్‌స్లిప్ దించండి. అగ్గిపుల్ల వెనక కొసతో మెల్లగా తట్టండి. ముద్ద పలచగా విడిపోయాక, బ్లాటింగ్ పేపరు మడతలో పెట్టి బొటనవేలితో నిటారుగా నొక్కండి. వేలు పక్కకి జరిగిందంటే కణాలు చాపలా చుట్టుకుపోతాయి. పదింటిలో ఏడు స్లైడ్లు పాడయ్యేది ఇక్కడే.

ఏం కనిపిస్తోంది

ముందు పది రెట్ల లెన్సుతో వెతకండి, తర్వాత నలభై రెట్లకి వెళ్లండి. ఎక్కువ కణాల్లో గుండ్రటి కేంద్రకం ఉంటుంది. కొన్నిటిలో మాత్రం లోపల నూలు చిక్కులాంటిది కనిపిస్తుంది. అదే ప్రథమ దశ.

ఆ చిక్కు ఎంత పెద్దదో ఒకసారి లెక్కవేద్దాం. ఉల్లి జన్యురాశి ఒక్క వరసకి దాదాపు 16 వందల కోట్ల డీఎన్ఏ అక్షరాలు, మనిషిదానికి ఐదు రెట్లు. కణంలో అవి రెండు వరసలు. సాగదీస్తే సుమారు 11 మీటర్లు. విభజనకి ముందు నకలు తీస్తుంది కనుక 22 మీటర్లు. అంటే నాలుగు చీరల పొడవు. మిల్లీమీటరులో యాభయ్యో వంతుండే కణంలో ఆ నాలుగు చీరలనూ చిక్కు లేకుండా రెండు వాటాలు వేయాలి.

మా మామ్మది పొందూరు పక్క పల్లె. రాట్నం దగ్గర కూర్చుంటే కదురు ఆగేది కాదు. వాలుగ చేప దవడ పళ్లతో పత్తి దువ్వి, ఏకు చేసి, పోగు తీసేవారు. తీసిన నూలు చిలప చుట్టకుండా పక్కన పడేస్తే మామ్మకి ఒళ్లుమండేది. "చిలప సుట్టనేని నూలు నూలేటి?" అనేది. కణానిదీ అదే న్యాయం. లాగడానికి ముందు చుట్టాలి. కండెన్సిన్ అనే ప్రొటీన్ డీఎన్ఏను ఉచ్చులు ఉచ్చులుగా మడిచి పొట్టి కడ్డీలు చేస్తుంది. ఒకదానిలో ఒకటి చిక్కుకున్న పోగులను టోపోఐసోమరేజ్ అనే ఎంజైము తెంపి, విడదీసి, మళ్లీ అతుకుతుంది.

ఒక్కో క్రోమోసోమ్‌లో అసలుదీ నకలుదీ రెండు క్రొమాటిడ్లు జంటగా ఉంటాయి. ఆ జంటను పట్టి ఉంచేది కొహెసిన్ అనే ఉంగరం. నకలు తీస్తున్నప్పుడే రెండు పోగులూ ఆ ఉంగరాల్లోంచి దూరిపోతాయి. దీన్ని గుర్తుపెట్టుకోండి, ముందుముందు కథంతా ఈ ఉంగరం చుట్టే.

1882లో వాల్తర్ ఫ్లెమింగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త సాలమాండర్ కణాలకి రంగులు వేసి ఈ దశలన్నీ చూశాడు. దానికి మైటోసిస్ అని పేరు పెట్టాడు, గ్రీకులో ఆ మాటకి మూలం పోగు. మన పాఠ్యపుస్తకాలు కండె అన్నా, కదురు అన్నా చెప్పేది క్రోమోసోమ్‌లను చెరో వైపు లాగే వేరే పోగుల బుట్టని. పొందూరు పిల్లలకి ఈ పాఠం చెప్పడం నాకెప్పుడూ కష్టం కాలేదు.

ఇప్పుడు మధ్యస్థ దశ కణాన్ని పట్టుకోండి. క్రోమోసోమ్‌లన్నీ నడిమధ్యన బారు తీరి ఉంటాయి. కదురు పోగులు ఈ రంగుకి కనిపించవు, ఉన్నాయని తెలుసుకుని చూడాలి. అవి ట్యూబులిన్ అనే ప్రొటీన్‌తో కట్టిన బోలు గొట్టాలు. ఇవి ఊరికే నిలబడి ఉండవు. పెరుగుతాయి, ఉన్నట్టుండి కూలిపోతాయి, మళ్లీ పెరుగుతాయి. 1984లో మిచిసన్, కిర్ష్‌నర్ ఈ తీరును బయటపెట్టారు. చీకట్లో చెయ్యి చాచి తడుముకున్నట్టు ఆ గొట్టాలు నాలుగు వైపులా తడుముతుంటాయి. ప్రతి క్రొమాటిడ్ నడుము దగ్గర కైనెటోకోర్ అనే కొక్కెం ఉంటుంది. తగిలితే పట్టుకుంటుంది.

తడుములాటలో తప్పు పట్లు పడక మానవు. జంటలో ఇద్దరూ ఒకే ధ్రువం, అంటే కదురు ఒకే కొస వైపు పోగుల్ని పట్టుకోవచ్చు. అలా వదిలేస్తే ఒక పిల్లకణానికి రెండు, ఇంకోదానికి సున్న. పట్టు సరిగ్గా పడిందని కణానికి ఎలా తెలుస్తుంది? దానికి కళ్లు లేవు కదా. తెలిసేది బిగువు వల్ల. ఇద్దరు అక్కచెల్లెళ్లను చెరోవైపు లాగుతుంటే, కొహెసిన్ ఉంగరం వదలకపోతే, మధ్యలో తాడు బిగుస్తుంది. ఇద్దరినీ ఒకే వైపు లాగితే బిగువే ఉండదు. అరోరా బి అనే ఎంజైము సరిగ్గా ఆ నడుము మధ్యలోనే కూర్చుని, బిగువు లేని పట్లను వదులు చేస్తుంది. పోగు ఊడుతుంది, మళ్లీ తడుములాట. సరిగ్గా పడేదాకా అంతే.

1969లో బ్రూస్ నిక్లాస్, కోచ్ కలిసి దీన్ని చేత్తో చేసి చూపారు. మిడత వృషణ కణాల్లో, జంట మొత్తం ఒకే వైపు పట్టుకున్న క్రోమోసోమ్‌లను సన్నటి గాజుసూదితో రెండోవైపు లాగి పట్టారు. తప్పు పట్టే అయినా, సూది బిగువు ఉన్నంతసేపూ నిలబడింది. సూది తీస్తే ఊడింది. మన వరిచేలో ఎగిరే మిడతలాంటిదే, దాని కణంలో సూది పెట్టి తాడు లాగారు ఆ మహానుభావులు. నాకు ఈ శాస్త్రంలో అన్నిటికంటే ముచ్చటైన ప్రయోగం ఇదే.

ఆగు అనే కేక

శ్రీకాకుళం కాంప్లెక్సులో పాలకొండ బస్సు కదలబోతుంది. కండక్టరు ఎక్కినవాళ్లందరినీ పేరుపేరునా 'ఎక్కారా' అని అడగడు. తలుపు దగ్గర నిలబడి చెవి ఒగ్గుతాడు. ఎవరో ఒకావిడ "ఓ బాబూ ఆగండి, మా మావ ఇంకా ఎక్కనేదు" అని కేకేస్తే బస్సు ఆగుతుంది. నలభైమంది ఎక్కి కూర్చున్నా ఆ ఒక్క కేకకే విలువ. మావ ఎక్కాక కేక ఆగిపోతుంది. అప్పుడు రైట్ రైట్.

కణం పద్ధతి అచ్చంగా ఇదే. పోగు తగలని కైనెటోకోర్ ఒక్కటి ఉన్నా అది ఆగు, ఆగు అని కేకేస్తూనే ఉంటుంది. ఆ కేక మ్యాడ్2 అనే ప్రొటీన్ మీద నడుస్తుంది. ఖాళీ కొక్కెం దగ్గరకి వచ్చిన మ్యాడ్2 ఆకారం మార్చుకుని, మరికొన్ని ప్రొటీన్లతో జతకట్టి, సీడీసీ20 అనే ఇంకో ప్రొటీన్‌ని పట్టేస్తుంది. ఆ సీడీసీ20 లేకపోతే ఏపీసీ అనే పెద్ద యంత్రం ముందుకు కదలదు. పోగు తగిలిన కొక్కెం దగ్గర ఈ తయారీ ఆగిపోతుంది. 1991లో ఈస్టు మీద పనిచేసిన రెండు బృందాలు విడివిడిగా ఈ జన్యువులను పట్టుకున్నాయి. ఒకరు పెట్టిన పేరు మ్యాడ్, ఇంకొకరు పెట్టింది బబ్.

పట్టుకున్నవి అవును అని చెప్పడం లేదు, పట్టుకోనిది కాదు అంటోందని ఎలా రుజువైంది? 1995లో కాన్లీ రీడర్ బృందం పొటొరూ అనే ఆస్ట్రేలియా చిన్న జంతువు కణాల్లో చివరిదాకా పట్టు దొరకని ఆ ఒక్క కైనెటోకోర్‌ను లేజరుతో కాల్చేసింది. కేకేసే గొంతు పోయింది. పట్టు దొరక్కపోయినా కణం చలన దశలోకి వెళ్లిపోయింది. అదే ఏడాది నిక్లాస్, లీ ముందుకాళ్లు జోడించి దండం పెట్టినట్టుండే పురుగు కణాల్లో జత కుదరక వెనకబడిన క్రోమోసోమ్‌ను సూదితో లాగి బిగువు ఇచ్చారు. ఆగి ఉన్న విభజన ముందుకు సాగింది.

కేకలన్నీ ఆగాక ఏపీసీ మేలుకుంటుంది. సెక్యూరిన్ అనే ప్రొటీన్‌కి చంపేయండి అన్న ముద్ర వేస్తుంది. అంతవరకూ సెక్యూరిన్ చేసిన పని సెపరేస్ అనే కత్తెరకి తొడుగులా ఉండడం. తొడుగు ముక్కలైపోతే కత్తెర బయటికొచ్చి కొహెసిన్ ఉంగరాలను కోసేస్తుంది. అంతదాకా బిగిసి ఉన్న జంటలన్నీ ఒక్క క్షణంలో విడిపోతాయి. అదే సమయంలో కణాన్ని విభజనలో నిలిపి ఉంచే సైక్లిన్ బి అనే ప్రొటీన్‌ని కూడా ఏపీసీ నాశనం చేయిస్తుంది కనుక కణం వెనక్కి రాలేదు. కోసిన ఉంగరం మళ్లీ అతకదు, అందుకే ముందు అంతసేపు ఆగడం. ఇక క్రోమోసోమ్‌లు నిమిషానికి సుమారు ఒక మైక్రోమీటరు చొప్పున చెరో వైపు నడుస్తాయి.

ఇప్పుడు మీ స్లైడులో చలన దశ కణం చూడండి. వీ ఆకారంలో వంగిన కడ్డీలు, నడుము ముందు, చేతులు వెనక. నడుమునే లాగుతున్నారని ఆ వంపు చెబుతుంది. చెరో వైపు 16 ఉండాలి. నొక్కుడు బాగా కుదిరిన కణం దొరికితే లెక్కపెట్టండి, ఓపిక ఉండాలి. అంత్య దశలో ఉల్లికణం నడిమధ్యన కొత్త గోడ లేస్తుంది. జంతుకణంలా నడుము నొక్కుకుపోదు. ఇది పుస్తకంలో ఉన్నదే, ఆగక్కర్లేదు.

లెక్కపెట్టడం

అసలు రికార్డులో ఉండాల్సింది ఇది. స్లైడు ఒక మూల నుంచి మొదలుపెట్టి, దారి తప్పకుండా వరసగా కనీసం 300 కణాలు చూడండి. ఏ దశలో ఉన్నవి ఎన్నో గీతలు గీస్తూ పోండి. విభజనలో ఉన్నవాటిని మొత్తంతో భాగించి వందతో గుణిస్తే విభజన సూచిక. ఆ తర్వాత మధ్యస్థ, చలన దశల సంఖ్యలను పక్కపక్కన పెట్టండి. రోడ్డు మీద ఎక్కడ బళ్లు ఎక్కువ పోగయ్యాయో అక్కడ ఆలస్యం ఎక్కువన్నట్టు, ఏ దశలో ఎక్కువ కణాలు దొరికితే కణం అక్కడ అంత ఎక్కువసేపు ఉంటుంది. 300లో మధ్యస్థ దశవి 9, చలన దశవి 5 వచ్చాయనుకోండి, రెండో దశకంటే మొదటిదానికి దాదాపు రెట్టింపు సమయం పట్టిందన్నమాట. అదే ఆ బస్సు ఆగిన సమయం. ఒక్క స్లైడుతో తేల్చేయకండి, ముగ్గురు నలుగురి లెక్కలు కలపండి.

ఐసునీళ్ల గ్లాసు

వేళ్లు దిగిన మరో ఉల్లిని, కోయడానికి ముందు ఒక రాత్రీ ఒక పగలూ ఐసుగడ్డలు వేసిన నీళ్లలో, ఫ్రిజ్ కింది అరలో ఉంచండి. చలికి ట్యూబులిన్ గొట్టాలు చాలావరకు విడిపోతాయి. గోధుమ వేర్ల మీద క్రోమోసోమ్‌లు లెక్కించేవాళ్లకి ఇది పాత పద్ధతి. పోగులు లేకపోతే కేక ఆగదు, కేక ఆగకపోతే ఉంగరం తెగదు. మొదటి స్లైడు పక్కన పెట్టి చూస్తే పొట్టిగా, చెల్లాచెదురుగా, మధ్యన బారు తీరని క్రోమోసోమ్‌లున్న కణాలు ఎక్కువగా, చలన దశవి తక్కువగా కనిపించాలి. 16 లెక్కపెట్టడానికి కూడా ఇవే సులువు.

పరిశోధనశాలల్లో ఇదే పనికి కొల్చిసిన్ వాడతారు. మన కొండల్లో ఎర్రగా పూసే అడవినాభి దుంపలో ఉండేది అదే, ప్రాణం తీసే విషం. ప్రాజెక్టు పేరుతో ఆ దుంప తవ్వుకురావద్దని ఏటా చెబుతాను, ఇక్కడా చెబుతున్నాను. ప్రతి ఇంటి వాకిట్లో పూసే బిళ్లగన్నేరు నుంచి తీసే విన్‌క్రిస్టిన్ కూడా ట్యూబులిన్ మీదే దెబ్బకొడుతుంది. పిల్లల రక్తక్యాన్సర్‌కి దాన్ని మందుగా ఇస్తారు. క్యాన్సర్ కణం పోగులు లేక ఆగు అన్న కేకలోనే చిక్కుకుని చాలాసార్లు అక్కడే చస్తుంది.

తప్పిన కణాలు

అంత కాపలా ఉన్నా కొన్ని తప్పుతాయి. కాపలాదారుకి ఒక గుడ్డి కోణం ఉంది. ఒకే కైనెటోకోర్‌ని రెండు ధ్రువాల పోగులూ పట్టుకుంటే, కొక్కెం ఖాళీగా లేదు, బిగువూ ఉంది, కేక లేవదు. బస్సు కదిలిపోతుంది. ఆ క్రొమాటిడ్ మాత్రం అటూ ఇటూ కాకుండా మధ్యన వేలాడుతుంది. చలన దశ కణాల్లో రెండు గుంపుల నడుమ ఒంటరిగా మిగిలిన కడ్డీ కనిపిస్తే దాన్ని వదలకండి. అది ఒక్కోసారి తర్వాత పెద్ద కేంద్రకం పక్కన బొట్టులాంటి చిన్న కేంద్రకంగా మిగిలిపోతుంది. మురికినీటి విషతీవ్రత తేల్చడానికి ఉల్లి వేర్లలో ఇలాంటి బొట్లనూ లెక్కపెడతారు. మీ ఊరి చెరువు నీటిలో ఒక ఉల్లి, వాననీటిలో ఒక ఉల్లి పెట్టి పోల్చి చూడండి.

మనిషి అండంలో సమస్య వేరు. కొహెసిన్ ఉంగరాలను ఆడపిల్ల పుట్టకముందే తొడుగుతారు. అవి దశాబ్దాలు అలాగే ఉండాలి. వయసుతో అవి అరుగుతాయి, జంటలు ముందే జారుతాయి. 21వ క్రోమోసోమ్ మూడు వచ్చి డౌన్ సిండ్రోమ్ కలగడం తల్లి వయసుతో పెరగడానికి ఇదొక పెద్ద కారణం. 1959లో లెజ్యూన్ బృందం ఆ మూడో క్రోమోసోమ్‌ను చూపింది. అండం, శుక్రకణం తయారయ్యే క్షయకరణ విభజనలో నడుము దగ్గరి ఉంగరాలను కత్తెర నుంచి కాపాడే ప్రొటీన్‌కి జపాన్‌వాళ్లు షుగోషిన్ అని పేరు పెట్టారు, కావలి దేవత అని. మన భాషలో పెట్టి ఉంటే గ్రామదేవత అనేవాళ్లమేమో.

మన అరటిపండుకి గింజ లేకపోవడం కూడా ఈ జంటల గొడవే. తినే అరటికి క్రోమోసోమ్‌లు 33, మూడు వరసలు. మూడింటిని ఇద్దరికి సమంగా పంచడం సాగదు, గింజ కట్టదు.

రికార్డులో ఇలాంటి తప్పిన కణం దొరికితే దాన్ని ఉన్నదున్నట్టు గీయండి, పక్కవాళ్ల బొమ్మలా సరిచేయకండి. ఒకమ్మాయి అలాంటి కణం తెచ్చి, "సార్, ఇదేటండీ, మధ్యన ఒకటుండిపోయింది, రబ్బరుతో తుడిసీనా?" అంది. తుడవొద్దన్నాను. కవర్‌స్లిప్ అంచులకి గోళ్లరంగు పూసి, స్లైడు మీద తేదీ రాయించి, నా బీరువాలో పెట్టాను. కార్మిన్ కాస్త వెలిసింది గానీ ఆ ఒంటరి కడ్డీ ఇంకా మధ్యనే ఉంది.